కోరపన్ను లెక్క

తాండూరు అవతలి పల్లె నుంచి పదహారేళ్ల అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వికారాబాద్‌లోని దంత వైద్యశాలకు వచ్చిందనుకుందాం. కింది దవడలో పన్ను పుచ్చి, రాత్రుళ్లు నొప్పి లేస్తోందని వచ్చింది. కుర్చీలో పడుకోబెట్టి లైటు వేసి, "నోరు తెరువు బిడ్డా" అని పుచ్చిన పన్ను చూస్తాం. తర్వాత అలవాటుగా మిగతా పళ్లన్నీ లెక్కపెడుతూ పోతాం. పైన ఎడమవైపు ఒకచోట లెక్క ఆగుతుంది. ముందుపళ్లు రెండూ దాటాక మొనదేలిన కోరపన్ను ఉండాలి. ఆ చోట చిన్న పన్ను ఒకటుంది. పక్కవాటికన్నా తెల్లగా ఉంది, కొస అరిగి చదునుగా ఉంది. అది పాలపన్ను. పదకొండు, పన్నెండేళ్లకు ఊడిపోవాల్సింది, పదహారేళ్లొచ్చినా కదలకుండా కూర్చుంది.

"ఈ పన్ను ఊడలేదా అమ్మా?"

"ఊడలే సార్. నొప్పి లేదు, ఏం లేదు. మంచిగనే ఉన్నది గదా అని ఊకున్నం." కాసేపాగి ఆ తల్లి ఇంకో మాట అంటుంది. "మా చెల్లెకు గూడ ఇట్లనే ఉన్నది సార్."

ఈ రెండో మాటను కేసు షీటులో రాసుకోవాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

అమ్మాయి కోరపన్ను పుట్టకపోలేదు. పాలపన్ను వేరుకు పైన, అంగిలి ఎముకలో ఏటవాలుగా పడుకుని ఉంది. అలా దారి తప్పి ఎముకలోనో చిగురు లోపలో ఆగిపోయిన పన్నును మేం ఇంపాక్టెడ్ పన్ను అంటాం, అంటే ఇరుక్కుపోయిన పన్ను. జ్ఞానదంతాలను పక్కన పెడితే నోట్లో ఎక్కువగా ఇరుక్కునేది ఈ పై కోరపన్నే. తాండూరు వైపు కన్నడం మాట్లాడే ఇళ్లలో 'కోరె హల్లు' అంటారు. మాట దగ్గరిదే, బాధా ఒకటే.

ఇలాంటివాళ్లు వందలో ఎంతమంది ఉంటారు? పుస్తకం తెరిస్తే నూటికి ఒకరి నుంచి ముగ్గురు అని ఉంటుంది. 1961లో అమెరికాలో డాచీ, హోవెల్ తీసిన లెక్క 0.92 శాతం. 1973లో స్వీడన్‌లో థిలాండర్, మిర్‌బర్గ్ 7 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో చూసి 2.2 శాతం అన్నారు. అదే దేశంలో ఎరిక్సన్, కురోల్ చెప్పింది 1.7. పన్ను ఒకటే అయినా అంకెలు ఇన్ని ఎందుకున్నాయి? మనుషుల్లో తేడా కొంత, లెక్క కట్టిన తీరులో తేడా కొంత. వికారాబాద్, తాండూరు రోగుల్లో ఈ లెక్క తీయాలంటే ఏం చేయాలి, ఏ మెట్టు దగ్గర అంకె పక్కకు జారుతుంది అన్నది వరసగా చెబుతాను. ఆ అంకెను చదివేవాళ్లు చాలామంది ఉన్నారు, అది ఎలా తయారైందో అడిగేవాళ్లు తక్కువ.

ముందు ఆ పన్ను నడిచే దారి తెలియాలి. కోరపన్ను మొలక దవడలో చాలా పైన, ముక్కు పక్కన ఉంటుంది. బిడ్డ పుట్టిన నాలుగైదు నెలలకే అక్కడ గట్టిపడడం మొదలవుతుంది. ఆరేడు ఏళ్లకు దాని తల భాగం పూర్తవుతుంది. అక్కడి నుంచి కిందికి దిగాలి. ఐదో ఏడు నుంచి పదిహేనో ఏడు దాకా అది నడిచే దూరం సుమారు 22 మిల్లీమీటర్లని కొలిచారు. నోట్లో ఇంకే పన్నూ ఇంత దూరం రాదు. పై ముందుపళ్లన్నీ సర్దుకున్నాక, పదకొండు పన్నెండేళ్లకు ఆఖరున ఇది వస్తుంది. వచ్చే దారిలో పక్కనున్న ముందుపన్ను వేరును ఆనుకుని, ఆ వేరు వెంట జారుతూ దిగుతుంది. ఆ పక్కపన్ను పుట్టకపోయినా, చిన్న మేకులా పుట్టినా ఆనుకోవడానికి గోడ ఉండదు, పన్ను అంగిలి వైపు ఒరిగిపోతుంది. ఇది ఒక వాదం. ఇది వంశంలో వచ్చేదని, అంగిలి వైపు ఇరుక్కునే పళ్లకు జన్యువులే మూలమని 1994లో షెల్డన్ పెక్, లీనా పెక్, కటాయా రాశారు. రెండు వాదాల్లోనూ సత్తా ఉంది, నేను ఏ ఒక్కదాని పక్షమూ తీసుకోను. కానీ "మా చెల్లెకు గూడ ఇట్లనే" అన్న తల్లి మాట విన్న ప్రతిసారీ ఆ రెండో వాదం గుర్తొస్తుంది.

ఇక లెక్క. మొదట తేల్చుకోవాల్సింది దేన్ని లెక్కపెడుతున్నాం అన్నది. చెప్పడం తేలిక, సగం పొరపాట్లు జరిగేది మాత్రం ఇక్కడే. మన ఊళ్లలో 'పన్ను మీద పన్ను' అంటారు చూడండి, పెదవి ఎత్తగానే చిగురు పైభాగంలో పొడుచుకొచ్చి కనిపించే కోరపన్ను. చోటు చాలక ఎత్తున వచ్చిన పన్ను అది. వంకరగా వచ్చింది, అయినా వచ్చింది. అది ఇరుక్కున్న పన్ను కాదు. దాన్ని ఈ లెక్కలో కలిపితే అంకె ఒక్కసారిగా పెరిగిపోతుంది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పెదవి వైపు ఆగిపోయిన పళ్లకు ఎక్కువగా కారణం చోటు చాలకపోవడం. అంగిలి వైపు ఇరుక్కున్నవాటికి మాత్రం చాలాసార్లు చోటు ఉంటుంది. 1983లో జకోబీ లెక్క ప్రకారం అంగిలి వైపు ఇరుక్కున్నవాటిలో 85 శాతానికి దవడలో చాలినంత చోటుంది. పళ్లు వరసగా, ఒత్తుగా కాకుండా ఉన్న నోట్లో కూడా కోరపన్ను దాక్కుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

వయసు గీత కూడా గీసుకోవాలి. పదేళ్ల పిల్లవాడి కోరపన్ను ఎముకలో ఉందంటే అది ఇంకా దారిలో ఉందని అర్థం, ఇరుక్కుందని కాదు. వేరు పూర్తిగా తయారైనా పన్ను బయటికి రాకపోతే అప్పుడు ఇరుక్కుంది అంటాం. అటువైపు కోరపన్ను వచ్చి ఆరు నెలలు దాటి, ఇటువైపుది వేరు పూర్తయి కూడా లోపలే ఉంటే అప్పుడూ అంతే. వేరు పూర్తయ్యేది 13 నుంచి 15 ఏళ్ల మధ్య. కాబట్టి 15 ఏళ్లు నిండినవాళ్లనే లెక్కలోకి తీసుకోవడం మేలు. పై వయసుకూ హద్దు ఉండాలి. అరవై ఏళ్ల మనిషికి కోరపన్ను లేకపోతే అది పీకించుకున్నదో, పుట్టనిదో తేల్చడం కష్టం. గ్రహణమొర్రి, అంగిలి చీలిక ఉన్నవాళ్లను వేరుగా పెట్టాలి. దవడకు పెద్ద దెబ్బ తగిలినవాళ్లను, ఇదివరకే పళ్లకు తీగ కట్టించుకున్నవాళ్లను కూడా పక్కన పెట్టాలి. ఈ షరతులన్నీ ఒక కాగితం మీద, మొదటి ఎక్స్‌రే చేతికి రాకముందే రాసిపెట్టుకోవాలి. మధ్యలో మారిస్తే ఆ లెక్కకు విలువ ఉండదు.

రెండోది, ఎవరిని లెక్కపెడుతున్నాం. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి వికారాబాద్ జిల్లా అయింది. ఈ జిల్లాలో దంత వైద్యం అనగానే చాలామందికి గుర్తొచ్చేది వికారాబాద్‌లోని శ్రీ సాయి దంత వైద్య కళాశాల. అలాంటి బోధనాసుపత్రి ఓపీలో వరసలో నిలబడ్డవాళ్లను చూడండి. అనంతగిరి కింద పల్లెల నుంచి ఆటోలో వచ్చినవాళ్లుంటారు, పరిగి నుంచి బస్సులో వచ్చినవాళ్లుంటారు, తాండూరు నుంచి రైలెక్కి వచ్చినవాళ్లుంటారు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్ దాకా నిజాం కాలంలో 1874లో వేసిన రైలు మార్గం ఈ రెండు ఊళ్లనూ కలుపుతుంది. తాండూరులో నాపరాయి కోసి పాలిష్ చేసే యూనిట్లలో పనిచేసే మనిషి పంటి కోసం వికారాబాద్ రావాలంటే రోజు కూలీ పోగొట్టుకోవాలి. నొప్పి భరించలేనంత అయితేనే వస్తాడు. తాండూరు పట్టణంలో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లే కుటుంబంలో ఆడపిల్ల పళ్లు కొంచెం ఎగుడుదిగుడుగా ఉన్నా చూపిస్తారు. రెండు చోట్ల కార్డులనూ ఒకే కుప్పలో పోస్తే వచ్చే అంకె ఎవరిదో చెప్పలేం. చిరునామా గడిలో వికారాబాద్, తాండూరు విడివిడిగా రాయాలి. బోధనాసుపత్రి, క్లినిక్ అన్నది ఇంకో గడి. ఆర్థోడాంటిక్స్ విభాగం నుంచి వచ్చిందా, మామూలు ఓపీ నుంచా అన్నది మూడో గడి. మూడో గడిని మరిచిపోతే లెక్క చెడిపోతుంది. వంకర పళ్లు సరిచేయించుకోవడానికి వచ్చినవాళ్లలో ఇరుక్కున్న కోరపన్ను ఎక్కువ దొరకడం సహజం, వాళ్లు వచ్చిందే అలాంటి పని మీద.

కాలం కూడా చూసుకోవాలి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కంది కోతల రోజుల్లో పల్లె జనం చేనే చూసుకుంటారు, ఆసుపత్రి మొహం చూడరు. పరీక్షల సెలవుల్లో బడిపిల్లలు ఎక్కువ వస్తారు. ఒక్క నెల కార్డులు తీసుకుంటే ఆ నెల జనమే లెక్కలోకి వస్తారు. నిండా ఒక ఏడాది కార్డులు కావాలి.

ఎంతమందిని చూడాలి అన్నదానికి సూత్రం ఉంది. శాతం 2 దగ్గర ఉంటుందనుకుని, అటూ ఇటూ ఒక శాతం తేడాతో తెలిస్తే చాలనుకుంటే 753 మంది సరిపోతారు. అర శాతం తేడాతో కావాలంటే 3,012 మంది కావాలి. కచ్చితత్వం రెట్టింపు కావాలంటే మనుషులు నాలుగింతలు కావాలి. పీజీ విద్యార్థికి థీసిస్ పూర్తి చేయడానికి దొరికే కాలంలో మొదటి సంఖ్య అందుతుంది, రెండోది కష్టం. రెండు ఊళ్లను పోల్చాలంటే ఒక్కో ఊరికీ విడిగా అంతమంది ఉండాలి. 400 మందిలో ఇక్కడ ఎనిమిది, అక్కడ పది దొరికాయని తాండూరులో ఎక్కువ అని రాసేస్తే అది పొరపాటు. ఆ రెండు పళ్ల తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు.

ఇక్కడ ఒక నీతి ప్రశ్న ఎదురవుతుంది. ఇరుక్కున్న పన్ను కంటికి కనబడదు, ఎక్స్‌రే కావాల్సిందే. మరి మన లెక్క కోసం ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎక్స్‌రే తీయవచ్చా? తీయకూడదు. మొత్తం దవడ కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో కిరణాల మోతాదు చాలా తక్కువే. ప్రకృతి నుంచి మన ఒంటికి రోజూ తగిలేదానితో పోలిస్తే కొద్ది రోజులకు సమానం. అయినా రోగికి మేలు లేని కిరణం ఒక్కటి కూడా వేయకూడదన్నది నియమం, నేను దాన్ని మనసారా ఒప్పుకుంటాను. కాబట్టి వేరే అవసరానికి ఇదివరకే తీసి దాచిన ఎక్స్‌రేలనే చూడాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకుని, పేర్లు చెరిపేసి, నంబర్లు మాత్రమే ఉంచి చూడాలి.

నీతి నిలబడింది, లెక్కకు మాత్రం చిక్కొచ్చింది. ఓపీజీ తీయించినవాళ్లంటే ఏదో సమస్య ఉన్నవాళ్లే. జ్ఞానదంతం నొప్పి, విరిగిన దవడ, వంకర పళ్లు, ఊడని పాలపన్ను, ఇలా ఏదో ఒకటి. వంద మంది ఓపీలో పదిమందికే ఓపీజీ తీశారనుకోండి. ఆ పదిమందిలో తీసిన శాతం తొంభైమందికి వర్తించదు. ఇక అసలు ఆసుపత్రి గడప తొక్కని ఊరి జనానికి ఎంతమాత్రం వర్తించదు. అందుకే కాగితం పైన "ఓపీజీ తీయించుకున్న రోగులలో" అన్న మాట శీర్షికలోనే ఉండాలి. "వికారాబాద్ ప్రజలలో" అని రాయడం అబద్ధమవుతుంది. ఈ ఒక్క మాట మీద నేను పట్టుబడతాను. అంకె ఒకసారి బయటికి వచ్చాక షరతులన్నీ రాలిపోతాయి, జనం నోట్లో "నూటికి నలుగురు" అన్నదే మిగులుతుంది.

ఇప్పుడు మన అమ్మాయిని మళ్లీ తలుచుకుందాం. పాలపన్ను చూశాక ఆమెకు ఓపీజీ అవసరమే. కమ్మలు తీయించాలి, ముక్కుపుడక తీయించాలి. "పుడక తియ్యరాదు సార్, పెళ్లికి పెట్టిచ్చేదే" అనే తల్లులు లేకపోలేదు, ఓపిగ్గా చెప్పాలి. లోహపు నీడ పడ్డదంటే ముక్కు దగ్గర, సరిగ్గా మనకు కావాల్సిన చోటే మచ్చలా అడ్డమొస్తుంది. గడ్డం ఆసరా మీద పెట్టి, ముందుపళ్లతో చిన్న కడ్డీ కొరికించి, నాలుకను అంగిలికి ఆనించి ఊపిరి మామూలుగా తీసుకొమ్మంటారు. యంత్రం తల చుట్టూ తిరుగుతుంది. నాలుక అంగిలికి ఆనించకపోతే ఆ ఖాళీలోని గాలి నల్లని చారలా పై పళ్ల వేర్ల మీద పడి కోరపన్ను మొన కనపడకుండా పోతుంది. పనికిరాని ఎక్స్‌రే ఎందుకు పనికిరాలేదో రాసి విడిగా లెక్కించాలి. చూడకుండా పడేసినవాటిలో ఇరుక్కున్న పళ్లు ఉండి ఉండవచ్చు.

ఎక్స్‌రే తెర మీద పన్ను దొరికింది. ఎడమ పక్కపన్ను వేరు మీదుగా అడ్డంగా ఒరిగి ఉంది. నడిగీత నుంచి ఎంత కోణంలో ఒరిగింది, దాని మొన పక్కపన్ను వేరు నడిమిని దాటిందా, దాటలేదా అన్నవి గీతలు గీసి కొలుస్తాం. పన్ను బయటికి వస్తుందా రాదా అన్నది ఆ రెండు కొలతలే చెబుతాయి. కానీ అది అంగిలి వైపు ఉందా, పెదవి వైపు ఉందా అన్నది ఓపీజీ ఒక్కటే నమ్మకంగా చెప్పదు. లోతు అంతా ఒకే పలుచని పొరలా పడిపోతుంది కదా. అంగిలి వైపున్న పన్ను కొంచెం పెద్దదిగా పడుతుంది, అది ఒక ఆనవాలు మాత్రమే.

దీనికి 1910లో చార్లెస్ క్లార్క్ చెప్పిన ఉపాయం ఇవాళ్టికీ పనిచేస్తుంది. వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లందరికీ ఆ ఉపాయం తెలుసు, తెలిసినట్టు తెలియదంతే. రైలు కదిలితే పట్టాల పక్క స్తంభాలు వెనక్కి పరుగెడతాయి. దూరాన కొండలు మనతోపాటే వస్తున్నట్టు ఉంటాయి. చిన్న ఎక్స్‌రేలు రెండు తీయండి. ఒకటి ఎదురుగా, ఇంకోటి గొట్టాన్ని కాస్త పక్కకు జరిపి. గొట్టం రైలు, పక్కపన్ను వేరు స్తంభం. ఇరుక్కున్న పన్ను గొట్టం జరిగిన వైపే జరిగిందంటే అది కొండలా వెనకాల, అంటే అంగిలి వైపు ఉంది. ఎదురు దిక్కుకు జరిగిందంటే స్తంభానికన్నా ముందు, పెదవి వైపు ఉంది. విద్యార్థులకు నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పడంకన్నా రైలు గుర్తు చేస్తే తొందరగా అర్థమవుతుంది. 1990ల చివర్లో సీబీసీటీ స్కాన్ వచ్చాక మూడు కొలతల్లోనూ సూటిగా చూడగలుగుతున్నాం. ఆపరేషన్ చేయబోయే పిల్లలకు అది మంచిది, ఖర్చూ కిరణమూ రెండూ ఎక్కువ కాబట్టి అందరికీ అక్కర్లేదు. యూరప్ జనంలో ఇరుక్కున్న పై కోరపళ్లలో ఎక్కువభాగం అంగిలి వైపు ఉంటాయని పాత పుస్తకాలు చెబుతాయి. తూర్పు ఆసియా దేశాల్లో పెదవి వైపువి ఎక్కువ కనిపించాయి. మన దగ్గర ఏ వైపు ఎన్నని రాయాలంటే ప్రతి పన్నుకూ ఈ రైలు పరీక్ష చేయాల్సిందే.

ఎక్స్‌రేలు ఒక్కరే చదివితే చాలదు. ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఇంకొకరు చూడకుండా చదవాలి. తర్వాత పోల్చాలి. ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. వెయ్యి ఎక్స్‌రేల్లో ఒకరికి ఇరవై, ఇంకొకరికీ ఇరవై దొరికాయి. కానీ ఇద్దరికీ కలిసి దొరికినవి పదే. మిగతా పది ఒకరివి ఒకరికి కనపడలేదు. ఇద్దరూ ఏమీ లేదన్నవి 970, ఉందన్నవి 10, మొత్తం 980 చోట్ల ఏకాభిప్రాయం. అంటే 98 శాతం. వినడానికి గొప్పగా ఉంది. అసలు పనిలో సగం పళ్ల దగ్గర ఇద్దరికీ పొత్తు కుదరలేదు! అరుదైన విషయాన్ని వెతికేటప్పుడు "లేదు, లేదు" అంటూ పోయినా ఏకాభిప్రాయం వచ్చేస్తుంది. ఆ తేలిక పొత్తును తీసేసి లెక్కగట్టే పద్ధతి 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చాడు, దాని పేరు కప్పా. పై ఉదాహరణలో కప్పా 0.49 వస్తుంది. నిండు పొత్తు ఉంటే 1 రావాలి. 0.49 వస్తే ఇద్దరూ మళ్లీ కూర్చుని షరతులు చదువుకోవాలి, కొన్ని ఎక్స్‌రేలు కలిసి చూసి కన్ను సరిచేసుకోవాలి, ఆ తర్వాత మొదటి నుంచి చదవాలి. విసుగు పుట్టే పని. రెండు వారాల తర్వాత కొన్ని ఎక్స్‌రేలను అదే మనిషి మళ్లీ చూడాలి, తన మాట మీద తాను నిలబడ్డాడో లేదో తెలియాలి.

చివరిది భాగహారం. పైన ఎన్ని, కింద ఎన్ని అన్నదే శాతం. వెయ్యి మందిలో ఇరవై మందికి దొరికింది, అందులో ముగ్గురికి రెండువైపులా ఉంది. మనుషుల లెక్కన 2 శాతం. పళ్ల లెక్కన 2,000 కోరపళ్లలో 23, అంటే 1.15 శాతం. రెండూ నిజాలే, కానీ వేరువేరు నిజాలు. ఇంకో రకం కూడా ఉంది. 2003లో హాంకాంగ్‌లో 7,486 మంది రోగుల ఎక్స్‌రేలు చూసి రాసిన వ్యాసంలో పై కోరపన్నుకు 0.8 శాతం అని ఉంటుంది. తొందరలో చదివితే వెయ్యిలో ఎనిమిది మందికి అనిపిస్తుంది. కానీ అది దొరికిన ఇరుక్కున్న పళ్లన్నింటిలో కోరపళ్ల వాటా. మిగతాదంతా దాదాపు జ్ఞానదంతాలే. ఇలాంటి అంకెను తెచ్చి మన 2 శాతం పక్కన పెట్టి "అక్కడికన్నా ఇక్కడ ఎక్కువ" అని రాస్తే తలకాయ లెక్కను పంటి లెక్కతో పోల్చినట్టే. అచ్చులో చాలాచోట్ల ఈ పొరపాటు నాకు ఎదురైంది.

దొరికిన శాతం పక్కన దాని హద్దులు కూడా రాయాలి. వెయ్యిలో ఇరవై అంటే అసలు సంఖ్య 1.3 నుంచి 3.1 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మగపిల్లలకన్నా ఆడపిల్లల్లో ఇది సుమారు రెట్టింపని పుస్తకాల్లో ఉంటుంది. మన కార్డుల్లోనూ అలా రావచ్చు. వస్తే ముందు చూడాల్సింది ఓపీజీ తీయించుకున్నవాళ్లలో ఆడపిల్లలు ఎందరన్నది. పెళ్లి చూపులకు ముందు పళ్లు సరిచేయించే ఇళ్లు మన దగ్గర తక్కువ లేవు. వెతికిన చోట ఎక్కువ దొరుకుతుంది.

ఇంత కష్టపడి తీసిన అంకె దేనికి? ఇక్కడే నా మనసులో ఉన్న మాట చెప్పాలి. ఆసుపత్రిలో లెక్కించే ప్రతి ఇరుక్కున్న పన్నూ ఆలస్యంగా దొరికిన పన్నే. పదిహేనేళ్ల గీత గీసి లెక్కపెట్టాం కాబట్టి మన లెక్కలోకి వచ్చిన ఒక్కొక్క పిల్లకీ తేలికగా సరిచేసే రోజులు దాటిపోయాయి.

మన పదహారేళ్ల అమ్మాయి సంగతే చూడండి. ఇప్పుడు పాలపన్ను పీకితే పన్ను తనంతట వచ్చే ఆశ చాలా తక్కువ. మత్తు సూది ఇచ్చి అంగిలి చిగురు కోసి, ఎముక కాస్త తీసి పన్ను తలను బయటపెట్టాలి. దాని మీద చిన్న బొత్తాం అతికించి, దానికి సన్నని బంగారు గొలుసు కట్టాలి. పంటి మీద ఇలా అతికించగలుగుతున్నామంటే 1955లో మైకేల్ బ్యూనోకోర్ చూపిన దారి వల్ల. ఆయన ఆమ్లంతో పంటి పైపొరను గరుకు చేసి రెసిన్ అంటుకునేలా చేశాడు. అంతకుముందు పన్ను మెడ చుట్టూ తీగ బిగించేవారు, దానివల్ల ఎముకా చిగురూ పాడయ్యేవి. గొలుసును తీగకు కట్టి చాలా మెల్లగా, నెలల తరబడి లాగాలి. ఏడాది, రెండేళ్లు నెలనెలా తాండూరు నుంచి రావాలి. ఈ లోపల దాని మొన పక్కపన్ను వేరును అరగదీసి ఉంటే ఆ పన్నుకూ ముప్పే, నొప్పి లేకుండా జరిగే ముప్పు. సీటీ స్కాన్లు వచ్చాక తెలిసింది, మామూలు ఎక్స్‌రేలో కనిపించినదానికన్నా ఈ అరుగుదల ఎక్కువమందిలో ఉందని. "నొప్పి లేదు, ఏం లేదు" అన్న తల్లి మాట నిజమే, అందుకే కీడు కూడా ఎక్కువ.

అదే ఈ అమ్మాయిని పదకొండేళ్లప్పుడు చూసి ఉంటే? స్వీడన్‌లో యోన్‌షోపింగ్ వైద్యులు ఎరిక్సన్, కురోల్ 1988లో రాసిన ఫలితం ఉంది. 10 నుంచి 13 ఏళ్ల పిల్లల్లో అంగిలి వైపు ఒరుగుతున్న 46 కోరపళ్లకు చేసింది ఒక్కటే, పైనున్న పాలకోరపన్ను పీకారు. 36 పళ్లు వాటంతటవే సరైన దారికి వచ్చాయి. మొన పక్కపన్ను వేరు నడిమిని దాటనివాటిలో 91 శాతం, దాటినవాటిలో 64 శాతం. పాలపన్ను పీకడం ఎంతసేపు? ఒక సూది, ఒక దూది ఉండ.

ఆ వయసులో దీన్ని కనిపెట్టడానికి ఎక్స్‌రే కూడా ముందు అక్కర్లేదు, చిటికెన వేలు చాలు. పిల్ల పెదవి పైకెత్తి, పాలకోరపన్ను పైన చిగురు, చెంప కలిసే చోట వేలు ఆనించి మెల్లగా తడమాలి. దిగుతున్న కోరపన్ను అక్కడ ఉబ్బుగా తగులుతుంది. రెండువైపులా తడమాలి. పదో ఏట 29 శాతం పిల్లల్లో తగలదు, పదకొండుకు 5 శాతం, ఆ తర్వాత 3 శాతమే అని అదే స్వీడన్ వైద్యులు చూశారు. కాబట్టి పదేళ్లకు తగలకపోతే భయపడనక్కర్లేదు. ఒకవైపు తగిలి ఇంకోవైపు తగలకపోతే, పదకొండు దాటినా తగలకపోతే అప్పుడు ఎక్స్‌రే తీయాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు సర్కారు బడులకు ఏటా వస్తాయి, వాళ్లు చూడాల్సినవాటి జాబితాలో దంత సమస్యలు ఉన్నాయి. ఐదు, ఆరు తరగతుల పిల్లల నోట్లో పుచ్చు వెతికే చేయి ఇంకో పది సెకన్లు పెదవి కింద ఆగితే చాలు. ఆ లెక్క ఆసుపత్రి లెక్కకన్నా ముందుది, నిజానికి ఊరి లెక్క కూడా అదే.

మన అమ్మాయి కార్డులో అన్నీ రాయడం అయ్యాక తల్లిని అడుగుతాం. "ఇంట్ల ఇంకెవరన్నా పిల్లలున్నరా అమ్మా?"

"చిన్నోడున్నడు సార్. పదకొండు నడుస్తున్నది. ఆనికి ఏం లేదు, పండ్లు మంచిగనే ఉన్నయి."

"ఆదివారం కాకుండ ఏ రోజన్నా తోల్కరండి."

తర్వాతి వారం వాడు వస్తాడు. కుర్చీ కొత్త కాబట్టి రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు. చేతులు కడుక్కుని, గ్లవ్స్ వేసుకుని పెదవి ఎత్తుతాం. కుడివైపు చిగురు పైన శనగగింజంత ఉబ్బు వేలికి తగులుతుంది. ఎడమవైపు వేలు నున్నగా జారిపోతుంది. ఇంకోసారి చూస్తాం, నున్నగానే ఉంది. ఎక్స్‌రే చీటీ మీద వయసు గడిలో 11 అని రాసి, కింద 'ఎడమ పై కోరపన్ను తగలలేదు' అని రాసి తల్లి చేతికిస్తాం.